ఆదివారం రాత్రిలోగా

ఫ్రిజ్ తలుపు మీద అయస్కాంతం కింద మూడు కాగితాలు.
హ్యాండ్‌బాల్ వాళ్ళది, పడవ పందేల సంఘానిది, ఈత క్లబ్బుది.
ముగ్గురూ మాట్లాడుకున్నట్టు ఒకే మాట రాశారు:
వచ్చే ఏడాది నుంచి వారానికి ఐదు రోజులు,
ఆదివారం రాత్రిలోగా సంతకం.

రన్వాకి పదమూడు.
మూడైదులు పదిహేనని
వాళ్ళమ్మ మార్యున్ వేళ్ళ మీద లెక్కపెట్టి
వారానికి ఏడు రోజులే ఇచ్చిన దేవుడి మీద విసుక్కుంది.
రెండు పడవల మీద కాళ్ళు పెట్టొద్దని నేనంటే
"ఒకటే పడవ నాన్నా, మిగతావి బంతీ, నీళ్ళూ" అంది పిల్ల,
నోట్లో రొట్టె, మోకాలి మీద మంచుగడ్డల సంచి.

నేను లెక్కల మనిషిని.
చేపల ఫ్యాక్టరీలో పెట్టెకెన్ని కిలోలో తూచే పని నాది.
అట్టముక్క మీద గళ్ళు గీశాను.
పెట్రోలు, బూట్లు, బెణుకులు, పతకాలు.
ఎలా కూడినా హ్యాండ్‌బాలే బరువు తూగింది.
(నిజం చెప్పొద్దూ, రెండుచోట్ల తక్కెడ మీద బొటనవేలు పెట్టాను.
అది ఎడంచేత్తో గోలు వెయ్యడం చూస్తే
మీరైనా పెడతారు.)

కోచ్ ఎయ్విన్ ఫోన్ చేశాడు,
"ఇలాంటి ఎడంచెయ్యి మన దీవుల్లో పదేళ్ళకొకటి" అని.
పడవల ముసలి యోగ్వాన్ ఫోన్ చెయ్యలేదు.
తలుపు తట్టి, వాన కారుతున్న టోపీ తియ్యకుండానే
"ఆరుగురు కావాలి. ఐదుగురున్నారు" అని వెళ్ళిపోయాడు.
ఈత నేర్పే ఆవిడ మాత్రం "దాని ఇష్టం" అంది.
ఆశ లేక అలా అందనుకున్నాను.
పోయినేడు పోటీల్లో దీనిది తొమ్మిదో స్థానం మరి.

ఆదివారం సాయంత్రం
క్లాక్స్‌విక్ కొలను నుంచి లెయిర్విక్‌లో ఇంటికి.
సముద్రం అడుగున సొరంగం,
చెవులు కాస్త దిబ్బడేసే చోట అడిగేశాను.
"నేనెప్పుడూ చూడ్డానికి రాననుకో,
అప్పుడు ఏది ఆడతావు?"

గోడ మీద దీపాలు వెనక్కి పోతున్నాయి.
తలకి చుట్టిన తువ్వాలు సర్దుకుంది.
"ఈత."
తొమ్మిదో స్థానమేగా అన్నాను. అనకుండా ఉండాల్సింది.
"నీళ్ళలో నువ్వు వినపడవు."
కోపంగా అనలేదు.
బయట వాన పడుతోంది అన్నట్టే అంది.

మిగిలిన దారంతా నా గొంతు నాకే వినపడింది.
మూడో వరసలోంచి "ఎడమవైపు! ఎడమవైపు!"
రేవుగట్టు మీద పడవతో పాటే పరుగెడుతూ "లాగు! లాగు!"
ఒకసారి రిఫరీని నేనన్న మాటకి
పిల్ల వంగి బూటు లేసు విప్పి, కట్టి, మళ్ళీ విప్పింది.
లేసు వదులైందనుకున్నాను అప్పుడు.

ఆ రాత్రి ఒక్క కాగితం మీదే సంతకం పెట్టాను.
ఎయ్విన్ రెండు వారాలు నాతో మాట్లాడలేదు.
యోగ్వాన్ దగ్గరికి పిల్లే వెళ్ళింది,
ఈ ఒక్క వేసవికీ ఆరో మనిషిగా వస్తాననీ,
నాన్న గట్టు మీద పరుగెత్తకుండా చూసే పూచీ ఆయనదేననీ.
ఆ ముసలాయనకి పళ్ళున్నాయని
ఊళ్ళో చాలామందికి ఆరోజే తెలిసింది.

ఇప్పుడు నేను కారులోనే కూర్చుంటాను.
కొలను కిటికీలకి లోపల్నుంచి ఆవిరి.
ఆ మసకలో లేచి పడే చేతుల్లో
దానిదేదో తెలీదు.
గంటన్నరకి వస్తుంది, చలిగాలికి జుట్టు కొసలు బిరుసెక్కి.
'టైమెంత వచ్చింది' నాలిక చివరిదాకా వస్తుంది.
"ఆకలా?" అంటాను.

సొరంగం సగానికి వచ్చేసరికి తనే మొదలెడుతుంది,
మలుపులో గోడని ఎప్పుడు తన్నాలో,
ఊపిరి ఎక్కడ దాచుకోవాలో,
నాకు సగం అర్థం కాదు.
స్టీరింగు పట్టుకుని వింటాను.
మా నెత్తిన సముద్రం.